నూరుగురి చెల్లెలు

అమీర్‌పేటలో రైలు మారి పంజగుట్ట వైపు వెళ్ళే మెట్రోలో గ్రీకు పురాణకథలు చదువుకుంటున్న పిల్లలు కనిపిస్తున్నారు. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండి కోర్సులు నేర్చుకునే వయసువాళ్ళు. హోమర్ కావ్యంలో కాసేపే కనిపించే సర్సీని నాయికను చేసి మేడలిన్ మిల్లర్ 2018లో రాసిన నవలలాంటివి చదువుతున్నారు. మంచిదే. వాళ్ళకి మహాభారతంలో నూరుగురు కౌరవుల చెల్లెలు దుస్సలను ఎవరూ పరిచయం చెయ్యలేదే అన్నదే మా బాధ.

గ్రీకుల ఆట్రియస్ వంశం పగతోనే పెరిగింది. టాంటలస్ కన్నకొడుకును కోసి దేవతలకు వడ్డించాడు. అతని మనవడు ఆట్రియస్, సోదరుడికి అతని బిడ్డల మాంసమే పెట్టాడు. ఆగమెమ్నాన్ కూతుర్ని బలిచ్చాడు, భార్య అతణ్ణి చంపింది, కొడుకు ఆమెను చంపాడు. క్రీ.పూ. 458లో ఎస్కిలస్ తన నాటకాల్లో ఈ పగను న్యాయస్థానానికి ఎక్కించి ఆపాడు.

కురువంశంలో ఆ పని ఒక వితంతువు చేసింది. కురుక్షేత్ర యుద్ధం ముగిశాక, ధర్మరాజు అశ్వమేధ యాగాశ్వం వెంట అర్జునుడు సింధుదేశం చేరాడు. వాళ్ళ రాజూ దుస్సల భర్తా అయిన సైంధవుణ్ణి చంపినవాడు కదా, అక్కడి యోధులు ఎదురు తిరిగారు. అర్జునుడు వచ్చాడని వినగానే సైంధవుడి కొడుకు సురథుడు కుప్పకూలి ప్రాణం వదిలాడు. దుస్సలకు అన్నలు పోయారు, భర్త పోయాడు, ఇప్పుడు కొడుకు. పసివాడైన మనవణ్ణి తీసుకుని రథమెక్కి ఆమె నేరుగా యుద్ధం నడుమకు వచ్చింది. అర్జునుడు గాండీవం పక్కన పెట్టేశాడు. దుర్యోధనుణ్ణీ సైంధవుణ్ణీ మరిచిపొమ్మంది, ఈ బిడ్డను కరుణించమంది. అతను క్షత్రియ ధర్మాన్నే నిందించుకుని, చెల్లెల్ని అక్కున చేర్చుకుని ఇంటికి పంపాడు. యుద్ధం ఆగింది. అంతకు చాలా ముందు, ద్రౌపదిని ఎత్తుకుపోయిన సైంధవుణ్ణి చంపకుండా ధర్మరాజు భీముణ్ణి ఆపినప్పుడు తలుచుకున్నదీ ఈ దుస్సలనే, ఆమె తల్లి గాంధారినే.

పదమూడో శతాబ్దంలో తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో ఈ అశ్వమేధ పర్వమూ ఉంది. అయినా మన రంగస్థలం రాయబారాన్ని పట్టుకుంది, సినిమా కర్ణుణ్ణి పట్టుకుంది. సీతను ఊర్మిళతో, అహల్యతో, రేణుకతో, శూర్పణఖతో కలిపిన ఓల్గా ‘విముక్త’కు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. భారతంలోనూ అలా పిలవవలసిన వాళ్ళు చాలామంది ఉన్నారు. నిండుసభలో ద్రౌపది పక్షాన నోరు విప్పిన వికర్ణుడు, ధృతరాష్ట్రుడి కొడుకుల్లో ఒక్కడే మిగిలిన యుయుత్సుడు. మూలం చదివి వీళ్ళ మీద రాసి పంపేవారికి వచ్చే సంచికల్లో చోటు ఉంచుతున్నాం. దుస్సల మీద ఎన్ని కథలు వచ్చినా చదువుతాం.