మడమ నుండి ఒక రక్తపు చుక్క



కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక యువ దంపతులు ఇద్దరు పసిబిడ్డలను వరుసగా సమాధి చేసుకొన్నారు. పుట్టినప్పుడు ఇద్దరూ బాగానే ఉన్నారు. పాలు త్రాగిన నాలుగైదు దినములకు మత్తుగా పడియుండి, మూర్ఛలు వచ్చి మరణించారు. ఊరిలో కొందరు శాపమన్నారు. కొందరు తల్లినే నిందించారు. మేము రెండుసార్లును సమాధియొద్ద ప్రార్థించి, ఆదరణ మాటలు చెప్పి ఇంటికి వచ్చాము. “మొదటి బిడ్డ సంగతి డాక్టరుగారికి చెప్పారా?” అని మాత్రము అడుగలేదు. ఆ లోటు మాదే.

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇది ఎవరి పాపమని అడిగారు. ప్రభువు ఆ నిందను అతనిమీదను, కన్నవారిమీదను ఉండనియ్యలేదు. అంతటితో ఊరకుండక అతనిని బాగుచేశారు.

చైనాలో సేవచేసిన మిషనరీల కుమార్తె, 1938లో నోబెల్ సాహిత్య బహుమతి పొందిన పెర్ల్ బక్ గారు ఈ దుఃఖమును ఎరుగుదురు. 1920లో పుట్టిన ఆమె కుమార్తె కరోల్‌కు బుద్ధి ఎదుగలేదు. కారణము పి.కె.యు. అను వ్యాధియని ఎన్నో ఏండ్ల తరువాతగాని తెలియలేదు. ఈ బిడ్డల శరీరము పాలలోను, పప్పులోను, మాంసములోను ఉండే ఒక పదార్థమును అరిగించి మార్చుకొనలేదు. అది రక్తములో పేరుకొని మెదడును చెరుపును. పుట్టిన కొద్ది దినములలోనే కనిపెట్టి ప్రత్యేక ఆహారము ఇచ్చినయెడల బిడ్డ చక్కగా ఎదుగును.

1960 దశకము ఆరంభములో అమెరికాలో రాబర్ట్ గత్రీ గారు శిశువు మడమనుండి తీసిన రక్తపు చుక్కను కాగితముపై ఆరబెట్టి పరీక్షించు పద్ధతి తెచ్చారు. ఆయన సొంత కుమారుడును బుద్ధిమాంద్యముగలవాడే. అప్పుడు ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క పరీక్ష. ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రమున్నది. కంసాలి త్రాసు బంగారమును తూచినట్లు, ఇది రక్తములోని అణువులను బరువునుబట్టి వేరుపరచి ఏది ఎంత ఉన్నదో చూపును. ఒకే చుక్కతో, కొద్ది నిమిషములలో, ఇరవై ముప్పది వ్యాధుల జాడ తెలియును. 1997లో నార్త్ కరొలైనా రాష్ట్రము నవజాత శిశువులకు ఈ పరీక్ష ఆరంభించినది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఈ వ్యాధులలో అనేకము తల్లిదండ్రులిద్దరిలోను దాగియున్న ఒకే లోపమువలన వచ్చును. వారికి ఏ రోగమూ కనబడదు. అయినను ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు వచ్చు అవకాశమున్నది. మేనరికములలో ఇద్దరికీ అదే లోపముండుట ఎక్కువ. కాబట్టి తల్లిని ఒక్కతెను నిందించుట అన్యాయము, అబద్ధము కూడా.

తల్లిదండ్రులారా, కాన్పుకు ముందే ఆసుపత్రిలో ఈ పరీక్షనుగూర్చి అడగండి. సాధారణముగా బిడ్డ పుట్టి ఒక దినము గడచిన తరువాత రక్తము తీస్తారు. మన పల్లెలలో అన్నిచోట్ల ఇది దొరకదు, ఖర్చు కూడా ఉన్నది. అయినను ఇంతకుముందు పసిబిడ్డ కారణము తెలియక చనిపోయియుంటే తప్పక చెప్పండి. బాగున్న శిశువు పాలు మాని, మత్తుగా ఉండి, వాంతులు చేసుకొన్నా, మూత్రము కాలిన చక్కెర వాసన వచ్చినా, తెల్లవారువరకు ఆగవద్దు. పరీక్షలో అనుమానము వచ్చినంత మాత్రాన రోగమున్నదని భయపడనక్కరలేదు; రెండవ పరీక్షతో నిర్ధారిస్తారు. అన్నిటికీ చికిత్స లేదన్నది కూడా నిజమే. అట్టి బిడ్డ దొరికిన ఇంటిని సంఘము విడువకూడదు.

ఆ దంపతులు మూడవ కాన్పుకు ముందే డాక్టరుగారికి అంతా చెప్పారు. పుట్టిన రెండవనాడు రక్తపు చుక్క పట్టణమునకు వెళ్లినది. దోషమేమియు లేదని జవాబు వచ్చినది. పోయిన ఇద్దరికి ఏ వ్యాధియో ఇప్పుడెవరమూ చెప్పలేము. ఆ తల్లి మాత్రము తలయెత్తి మందిరమునకు వచ్చుచున్నది.

మన ప్రార్థనలో కన్నీళ్లతోపాటు తగిన ప్రశ్న అడుగు జ్ఞానమును ప్రభువు అనుగ్రహించునుగాక. ఆమేన్.