ఈత దుస్తులపై నిర్ణయం ఆమెదే

సంపాదక మహాశయా,

ఒళ్లంతా కప్పే ఈత దుస్తులైన బుర్కినీని నిషేధిస్తేనే ముస్లిం స్త్రీకి విముక్తి అన్న మీ వ్యాసకర్త వాదనతో ఏకీభవించలేను. 2004లో సిడ్నీలో దాన్ని రూపొందించిన అహేదా జనెట్టి, ఆటలకు దూరమవుతున్న ముస్లిం ఆడపిల్లల కోసమే ఆ పని చేశారు. ఎరుపు, పసుపు బుర్కినీతోనే మెక్కా లాలా అనే ముస్లిం యువతి 2007లో ఆస్ట్రేలియా సముద్రతీరంలో మునిగిపోయేవారిని కాపాడే దళంలో చేరారు. ఆమెను నీటిలోకి దిగనిచ్చింది ఆ దుస్తులే కదా!

2016లో ఫ్రాన్స్‌లో కాన్ సహా పలు తీర పట్టణాలు బుర్కినీలను నిషేధించాయి. నీస్ బీచ్‌లో పోలీసులు చుట్టూ నిలబడగా ఒకామె పైవస్త్రం తీస్తున్న ఫొటోలను ప్రపంచమంతా చూసింది. వాటిలో ఒకటైన విల్‌నవ్-లూబే పట్టణం విధించిన నిషేధాన్ని, ప్రాథమిక స్వేచ్ఛలకు భంగమంటూ ఆగస్టు 26న ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం నిలిపివేసింది. కప్పుకోమని బలవంతపెట్టే ఇంటివాళ్లను తప్పక నిలదీద్దాం. విప్పమనే పోలీసును ఏ స్వేచ్ఛ పేరుతో సమర్థిస్తారో వ్యాసకర్త చెప్పాలి.

— ఓ పాఠకురాలు, కర్నూలు