సన్నగా ఉన్నవారికి చక్కెర వ్యాధి రాదా?

ప్రశ్న: నా వయస్సు 42. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 60 కిలోలు. మా నాన్నగారికి చక్కెర వ్యాధి ఉండేది. "బక్కపలచని మనిషివి, నీకేం భయం?" అంటున్నారు మా ఇంట్లోవాళ్ళు. పరీక్ష అవసరమా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తప్పక చేయించుకోండి. త్రాసు మన బరువు చెబుతుందే గాని, అందులో కండ ఎంతో, కొవ్వు ఎంతో చెప్పదు. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో తమ శరీరాలనే ఇందుకు ఉదాహరణగా చూపారు. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరూ సమానమే. కాని ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

భోజనం చేశాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటాను ఇన్సులిన్ సాయంతో తీసుకునేవి కండరాలు. కండ తక్కువై, పొట్టలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పని చేయదు. సన్నగా ఉన్నామన్న ధీమాతో, కాలి పుండు మానకపోతే గాని పరీక్షకు రానివారిని నా సర్వీసులో ఎందరినో చూశాను.

మీ నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు (ఆడవారికి 80) దాటకూడదు. పరగడుపున చేసిన రక్తపరీక్షలో చక్కెర 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదే. 126 గాని, అంతకు మించి గాని ఉంటే మరోసారి పరీక్షించి వ్యాధిని నిర్ధారిస్తారు.

వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున చురుకుగా నడవండి. రెండు రోజులు బస్కీల వంటి కండబలం పెంచే వ్యాయామం చేయండి. అన్నం కొంత తగ్గించి పప్పు, కూరలు పెంచండి. పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.