ఇంగ్లీషు పదాలతో ఆట: మెప్పా? నిందా?

పిల్లలూ! దగ్గరి అర్థాలున్న పదాలు సైతం ఒకదాని చోట మరొకటి ఒదగవు.

థ్రిఫ్టీ: వృథా చేయని పొదుపరి. ‘ఫ్రూగల్’ కూడా ఈ కోవలోదే.
“అవర్ థ్రిఫ్టీ నానీ టర్న్స్ ఓల్డ్ షర్ట్స్ ఇంటూ బ్యాగ్స్.”
(పొదుపరి అయిన మా నానీ పాత చొక్కాలను సంచులుగా మారుస్తుంది.)

స్టింజీ: ఉండి కూడా ఇతరులకు పెట్టని పిసినారి. ‘మైజర్లీ’ అన్నా ఇంచుమించు ఇదే.
“ద స్టింజీ క్యాట్ హైడ్స్ ఈవెన్ ఫిష్ బోన్స్.”
(పిసినారి పిల్లి చేపముళ్లను కూడా దాచుకుంటుంది.)

నానీని ‘స్టింజీ’ అంటే, మెచ్చుకోబోయి మనసు నొప్పించినట్లే! పదానికి అర్థంతోపాటు మెప్పో, నిందో కూడా ఉంటుంది. రెండూ కలిపి నేర్చుకోండి.

అభ్యాసం: ‘క్యూరియస్’, ‘నోజీ’. వీటిలో మెప్పు ఏది, నింద ఏది? చెరొక వాక్యం రాసి అమ్మీకి వినిపించండి.