అమ్మ కళ్లకు అద్దాలు, బిడ్డకు వృత్తి

నారాయణఖేడ్‌లోనే కాదు, మన ఊళ్లన్నింటిలోనూ నలభై దాటిన తల్లులు ఫజ్ర్ నమాజు తర్వాత ఖుర్‌ఆన్‌ను చేయి చాచినంత దూరాన పట్టుకుని పారాయణం చేయడం చూస్తూనే ఉన్నాం. మరికొన్నేళ్లకు ఆ దూరం కూడా చాలదు. "వయసైపోయింది" అనుకుని గ్రంథాన్ని గూటిలో పెట్టేస్తారు. సూదిలో దారం ఎక్కక కుట్టుమిషను మూలన పడుతుంది. దీని పేరు చత్వారం. ఇది జబ్బు కాదు, సరైన కళ్లద్దాలు పెట్టుకున్న రోజునే తీరిపోయే ఇబ్బంది. కానీ పరీక్షకు తీసుకువెళ్లడానికి ఇంట్లో ఒకరు కూలి మానుకోవాలి. సమస్య కాస్త పెద్దదైతే జోగిపేట, సంగారెడ్డి దాటి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాదు చేరాలి. అందుకే వాయిదా వేస్తారు.

అదే ఇంట్లో బైపీసీ పూర్తి చేసిన ఆడబిడ్డ ఉంటుంది. ఎంబీబీఎస్ సీటు రాలేదు కనుక చదువు ముగిసిందనీ, ఇక పెళ్లి సంబంధాలు చూడాలనీ పెద్దలు నిర్ణయిస్తారు. మగబిడ్డయితే దుకాణమో, గల్ఫ్ వీసానో. ఆ తల్లి ఇబ్బందికీ ఈ బిడ్డ భవిష్యత్తుకూ కలిపి ఒక దారి ఉన్నదనీ, దాని పేరు ఆప్టోమెట్రీ అనీ మేము చెప్పదలచుకున్నాము.

కంటి డాక్టరు శస్త్రచికిత్స చేస్తారు. కళ్లజోళ్ల దుకాణదారు అద్దాలు బిగిస్తారు. ఆప్టోమెట్రిస్టు ఈ ఇద్దరి మధ్య నిలిచి చూపును కొలుస్తారు, అద్దాల నంబరు నిర్ణయిస్తారు, శుక్లాలు, నీటికాసులు, మధుమేహం వల్ల రెటీనాకు కలిగే నష్టం వంటి వాటి లక్షణాలను ముందుగా గుర్తించి డాక్టరు దగ్గరకు పంపుతారు. ఇది ఇంటర్ తర్వాత నాలుగేళ్ల డిగ్రీగా సాగుతున్న చదువు, అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్.

చూపు అన్నది కంటి నుంచి వెలువడే కిరణాల వల్ల కాదనీ, వస్తువు నుంచి వెలుగు కంటిలోకి రావడం వల్ల కలుగుతుందనీ వెయ్యేళ్ల కిందట వాదించి నిరూపించిన ఇబ్న్ అల్ హైసమ్ పేరు మన సభల్లో గర్వంగా తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. కానీ ఆయన పేరు చెప్పుకునే ఊళ్లో పిల్లవాడు నల్లబల్ల కనబడక చదువులో వెనకబడిపోతుంటే ఆ గర్వానికి అర్థమేమిటి?

ఈ చదువు గురించి ఇప్పుడే మాట్లాడడానికి ఒక కారణం ఉంది. ముస్లింలు స్వయం ఉపాధిలో ఎక్కువగా, స్థిరమైన జీతపు కొలువుల్లో తక్కువగా ఉన్నారని 2006లోనే సచార్ కమిటీ చూపింది. కళ్లజోళ్ల దుకాణాల్లో అద్దాలు అరగదీసి, ఫ్రేములు బిగించి, అనుభవంతోనే నంబరు చెప్పే మన కుర్రవాళ్లు ఆ స్వయం ఉపాధిలో ఒక భాగం. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఆప్టోమెట్రీ చేరింది. అర్హత ఉండి రిజిస్టరులో పేరు నమోదైనవారే ఆ వృత్తి చేయాలన్నది చట్టం ఉద్దేశం. చేతిలో పని ఉన్నా కాగితం లేని మన కుర్రవాళ్లు రేపు ఎక్కడ నిలుస్తారు? ఆ ఇళ్ల నుంచి కనీసం తమ్ముడో చెల్లెలో డిగ్రీ చదివితే దుకాణం నిలుస్తుంది, గౌరవం పెరుగుతుంది.

ఇది పట్నం వాళ్ల చదువు కదా అనేవారికి ముధోల్‌ను గుర్తు చేస్తాము. నారాయణఖేడ్ లాగే రాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఆ ఊళ్లో ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996లో గ్రామీణ నేత్ర కేంద్రం తెరిచింది. తర్వాత ఇంటర్ చదివిన స్థానిక యువతీ యువకులకు ఏడాది శిక్షణ ఇచ్చి పల్లెల్లో విజన్ సెంటర్లు నడిపించింది. ఊరి కళ్లను ఊరి బిడ్డలే చూడగలరని అక్కడ రుజువైంది.

నారాయణఖేడ్‌కు అలాంటి బిడ్డలు మరీ అవసరం. ఇక్కడ తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ కలిసి వినబడతాయి. ఉర్దూ, అరబీ అక్షరాలు మాత్రమే చదవగల నానీకి తెలుగు అక్షరాల పటం చూపిస్తే దగ్గరి చూపు పరీక్ష సరిగా జరగదు. ఆమె భాషలో అడిగి, ఆమె చదివే లిపిలోనే పరీక్షించే అమ్మాయి ఆసుపత్రిలో ఉంటే, ఇల్లు కదలని స్త్రీలు సైతం ధైర్యంగా వస్తారు.

అయితే తీపి మాటలే చెప్పి ఊరుకోలేము. తొలి ఏళ్లలో ప్రైవేటు దుకాణాల్లో జీతం తక్కువ. కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సును డిగ్రీ అని నమ్మించేవారున్నారు. చేరే ముందు విశ్వవిద్యాలయ గుర్తింపు ఉన్నదా, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, రోజుకు ఎందరు రోగులను చూడనిస్తారు అని తండ్రులు నిలదీసి అడగాలి. ఆ కళాశాల, ఆ కోర్సు ఫీజు రీయింబర్స్‌మెంటు పరిధిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. అర్హులు నాలుగు శాతం రిజర్వేషన్‌కు బీసీ-ఈ పత్రాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి.

ప్రభుత్వానిది ఇంకా పెద్ద బాధ్యత. 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు బృందాలు ఊరూరా తిరిగాయి, వాటిలో ఆప్టోమెట్రిస్టులు పనిచేశారు. శిబిరం ఎత్తేశాక బృందం వెళ్లిపోతుంది. చూపు మాత్రం ప్రతి ఏటా మారుతూనే ఉంటుంది. మండలానికొక శాశ్వత ఆప్టోమెట్రిస్టు పోస్టు కావాలని, రెండో అధికార భాషగా గుర్తింపు పొందిన ఉర్దూలో పరీక్ష పటాలు ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఉండాలని మనం అడగాలి. ఇది దయ కాదు, హక్కు.

ఆ హక్కు కోసం అడుగుతూనే మన వంతు మొదలుపెడదాం. మస్జిద్ కమిటీలు రానున్న రమజాన్‌లో వసూలయ్యే జకాత్ నుంచి అర్హులైన ఇద్దరు పేద విద్యార్థులకు, అందులో తప్పకుండా ఒక అమ్మాయికి, నాలుగేళ్ల ఖర్చు కేటాయించవచ్చు. ఆ అమ్మాయి చదివి వచ్చి ముందుగా తన తల్లి కళ్లను పరీక్షిస్తుంది. గూటిలోని ఖుర్‌ఆన్ మళ్లీ తెరుచుకుంటుంది.