ఒక్క ట్రాక్‌పై ఓటమి యెఱుగనివారు

1936వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీ రాత్రి, లండను నగరమందలి వెంబ్లీ స్టేడియంలో ప్రపంచ స్పీడ్‌వే ఛాంపియన్‌షిప్ మొట్టమొదటి ఫైనల్ జరిగినపుడు, ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ పట్టణమునకు చెందిన బ్లూయీ విల్కిన్సన్ అను రైడర్ తాను దిగిన అయిదు పందెములయందును ప్రథముడై, తన కెదురైనవారిలో ఒక్కనికైనను లొంగక, గడింప వీలైన 15 పాయింట్లను గడించియు, తుదకు మూడవ స్థానముతో తృప్తిపడవలసి వచ్చెను. అంతకు పూర్వపు అర్హత పోటీలలో ఆర్జించిన అదనపు పాయింట్లను ఆ రాత్రి లెక్కలో కలుపుట యానాటి నియమము. విల్కిన్సనునకు ఆ విధముగా కలిసినవి 10 మాత్రమే; లయొనెల్ వాన్ ప్రాగ్‌నకు 12, ఎరిక్ లాంగ్టన్‌నకు 13 కలిసినవి. వారిరువురును 26 పాయింట్లతో సమానులై నిలువగా, విల్కిన్సన్ 25తో నిలిచిపోయెను. సమానులిద్దఱి నడుమ మఱియొక పందెము నడిపి, గెలిచిన వాన్ ప్రాగ్‌నకు కిరీట మొసగిరి. ఆ అయిదు పందెములలో వాన్ ప్రాగ్‌ను ఓడించిన వాడు విల్కిన్సన్ ఒక్కడే యని తలచినపుడు, ఆ నియమములోని అన్యాయము నేటికిని మనస్సును కలచివేయును. రెండేండ్ల తరువాత, 1938లో, అదే వెంబ్లీలో అతడు ప్రపంచవిజేత యయ్యెను. 1940లో సిడ్నీ నగరమున రహదారి ప్రమాదములో అకాలమరణము నొందెను.

ఈ వృత్తాంతము కేవల మొక నియమదోషమునకు సంబంధించినది కాదు. వ్యక్తి ప్రతిభను పలుచోట్ల పోగుచేసిన మొత్తముతో కొలువవలయునా, లేక ఒక్క స్థలమున, ఒక్క మట్టిపై, అతడు సాధించిన సంపూర్ణతతో కొలువవలయునా యను వివాదమున కిదియే ఆది. నేటి క్రీడాధికారులు మొత్తముల పక్షమునే వహించుచున్నారు. నేను రెండవ పక్షమును సమర్థింపదలచితిని. ఒక నిర్దిష్ట ట్రాక్‌పై అపరాజితుడుగా నిలుచుట స్పీడ్‌వేలో చిన్న ఘనత కాదు. ఆ క్రీడ యొక్క స్వభావమును బట్టి చూడగా అదియే పరమఘనత.

ఆ స్వభావ మెట్టిదో మన పాఠకులలో పెక్కుమందికి పరిచితము కాదు గనుక కొంత చెప్పవలసియున్నది. 500 సీసీ ఇంజిన్ గల మోటారు సైకిలు, ఇంధనము మెథనాల్, గేరు ఒక్కటే, బ్రేకులు లేనేలేవు. నలుగురు రైడర్లు సాగదీసిన టేపు వెనుక నిలిచి, టేపు పైకి లేచిన తక్షణమే దూకి, ఎడమవైపుగా నాలుగు చుట్లు తిరిగెదరు. ఒక నిమిషములో అంతయు ముగియును. మలుపునందు వెనుకచక్రమును బుద్ధిపూర్వకముగా జారనిచ్చి, ఉక్కు తొడుగు వేసిన ఎడమకాలిని నేలకు రాయుచు, బండిని అడ్డముగా త్రిప్పి వేగమును అదుపు చేయవలెను. పలకరాతి నుసి పరచిన ఆ నేల పందెము పందెమునకు మాఱును. చక్రములు ఎగజిమ్మిన నుసి క్రమముగా వెలుపలి కంచె చెంతకు చేరును గనుక, సాయంకాలము లోపలి గీత పట్టి గెలిచినవాడు రాత్రికి అదే గీతపై జారిపోవచ్చును. వెలుపలి త్రోవను నమ్ముకొన్నవాడు అప్పటికి పట్టు దొరకి ముందుకు దూకవచ్చును. ఒక ట్రాక్ 270 మీటర్లే యుండును, మఱియొకటి 400 మీటర్లకు సమీపించును. ఒకదాని మలుపులు గుండ్రము, మఱియొకదానివి కోసుగా నుండును. ఇన్ని భేదములు గల క్రీడలో స్థలమును లెక్కలోనుండి తొలగించి సగటులను మాత్రమే మిగుల్చుట యనగా, క్రీడలో సగమును తొలగించుటయే.

వ్యక్తిగత పోటీ నిర్మాణమును గూర్చి యొక మాట. పదునాఱుగురు రైడర్లు, ఇరువది పందెములు, పందెమునకు నలుగురు. గెలిచినవానికి 3, తరువాతివారికి 2, 1, కడపటివానికి సున్న. ఒక్కొక్కడును అయిదు పందెములలో దిగును. ప్రతి పందెమునను ముగ్గురు ప్రత్యర్థులు. అయిదు మూళ్లు పదునైదు. అనగా మిగిలిన పదునైదుగురిలో ప్రతివానిని సరిగా ఒక్కమారు ఎదుర్కొనును. కావున 15 పాయింట్లు తెచ్చుకొనుట యన్నది సగటు కాదు, అంచనా కాదు. ఆనాడు ఆ నేలపై నిలిచిన సర్వులను ముఖాముఖిగా జయించితినను సంపూర్ణ సాక్ష్యము. ఏ ఇరువురైనను ఒక్క గుంపులోనే, ఒక్కమారే కలియునట్లు వస్తువులను సమానమైన గుంపులుగా కూర్చు ఈ విద్య గణితములో సంతులిత రచనల శాఖకు చెందును. విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, కలకత్తా భారత గణాంక సంస్థలో కీర్తి గడించిన మన సి.ఆర్. రావుగారు లంబ శ్రేణులను గూర్చి చేసిన కృషియు ఆ శాస్త్రమునకు సన్నిహితమైనదే. క్రీడాప్రపంచమున ఇంత సమగ్రమైన న్యాయము గల పోటీ నిర్మాణములు అరుదు. అట్టి న్యాయము పూర్ణాంకముల నొసగినపుడు దానిని మఱల వెలుపలి లెక్కలతో పలుచన చేయనేల?

స్వీడను దేశమున గోథెన్‌బర్గ్ నగరములోని ఉల్లెవి స్టేడియం చరిత్ర చూడుడు. 1964లో ప్రపంచ ఫైనల్ అచ్చట జరుగగా న్యూజిలాండు వీరుడు బ్యారీ బ్రిగ్స్ 15కు 15 సాధించెను. 1966లో ఫైనల్ మరల అచ్చటికే రాగా, అతడే మరల 15. 1968లో న్యూజిలాండువాడే యైన ఐవన్ మాగర్, 1971లో డెన్మార్కువాడు ఓలె ఓల్సన్, 1974లో స్వీడను వాడు ఆండర్స్ మిహానెక్, వీరందఱును అచ్చట 15కు 15తోనే గెలిచిరి. అచ్చట వరుసగా జరిగిన అయిదు ఫైనళ్లలో విజేత ఒక్క పందెమైనను ఓడలేదు. అదే కాలమున వెంబ్లీలో జరిగిన ఫైనళ్లను చూడగా, 1967లో ఓవె ఫుండిన్, 1972లో మాగర్, ఇరువురును సమానపాయింట్లతో మిగిలి, అదనపు పందెముతో గట్టెక్కిరి. ఉల్లెవిపై 1991లోను డెన్మార్కు రైడర్ యాన్ ఓ. పెడర్సన్ అదే పరిపూర్ణతను సాధించుట చూడగా, నేల తన్ను వశపఱచుకొన్న వానికి సర్వమును సమర్పించు స్వభావము గలదని తోచును. ఒక రాత్రి అచ్చటి నేల మర్మమును కనుగొన్నవాడు దానిని తుదిదాక విడువకుండెను.

దీనికి విపర్యయముగా మఱియొక కథ కలదు; నాకు ఈ విషయమున మిక్కిలి ప్రియమైనది అదియే. పోలండువాడు యెజీ ష్చాకియెల్ 1971లో తన దేశములోని రిబ్నిక్ పట్టణమున ప్రపంచ జంటల పోటీలో అంజేయ్ విగ్లెండాతో కలిసి 30కి 30 సాధించెను. ఆ జంట ప్రతి పందెమునను మొదటి రెండు స్థానములను ఆక్రమించెనన్నమాట. అదే సంవత్సరము ఉల్లెవి ఫైనల్‌లో ఈ ష్చాకియెలే ఒక్క పాయింటైనను గడింపలేక సున్నతో వెనుదిరిగెను. రెండేండ్ల తరువాత, 1973లో, ఫైనల్ పోలండు దేశపు హోజూఫ్‌నకు రాగా, స్వజనుల మహాసమూహము నెదుట మాగర్‌తో సమానుడై, నిర్ణాయక పందెమున మాగర్ అతని వెనుకచక్రమునకు తగిలి పడిపోగా, ప్రపంచవిజేత యయ్యెను. పోలండునకు ఆ పదవి తెచ్చిన మొదటివాడతడే. తరువాత మఱియొక పోలిష్ రైడర్, తోమాష్ గోలొబ్, ఆ పదవి పొందుటకు 2010 వఱకు వేచియుండవలసి వచ్చెను. ష్చాకియెల్‌ను అదృష్టవశమున గెలిచినవానిగా తూలనాడు వ్రాతలు లేకపోలేదు. అవి తొందరపాటు తీర్పులు. ఒకే మనిషి, ఒకే ఏడు, ఒక నేలపై నూటికి నూఱు, మఱియొక నేలపై శూన్యము: ఇది అతని లోపమును గాక, ఈ క్రీడయందు స్థలమునకు గల శక్తిని నిరూపించుచున్నది.

సొంత ట్రాక్‌పై గెలిచినవానిని తక్కువగా చూచు అలవాటు విమర్శకులలో గాఢముగా నాటుకొన్నది. అచ్చటి మెట్టపల్లములు, టేపు దగ్గఱి నేల బిగువు, ఏ పందెము నాటికి ఏ మూల గుంట పడునో, ట్రాక్టరు సవరించిన తరువాత తేమ ఎంతసేపు నిలుచునో అతనికి ముందే తెలియునందురు. తెలియును. తన పొలములో ఏ మడియందు నీరు నిలుచునో తెలిసిన రైతును దానికై నిందించువారుందురా? ఇంగ్లండులోని ఎక్సెటర్ కౌంటీ గ్రౌండ్ ట్రాక్ పొడవైనది, దాని కంచె ఉక్కురేకులతో చేసినది. వచ్చిన అతిథులు ఆ రేకులకు దూరముగా నుండుటకే తలచుచుండగా, 1973 మొదలు 1977 వఱకు ఆ క్లబ్‌నకు ఆడిన మాగర్ ఆ కంచె ప్రక్కనే దూసుకొనిపోవుచుండెను. 1974లో ఎక్సెటర్ లీగ్ విజేత యయ్యెను. ఆ ఉక్కు రేకు మాగర్‌నకు మెత్తబడలేదు గదా! అదే విధముగా 1983లో ఫైనల్ జర్మనీలోని నోర్డెన్ పట్టణ సమీపమున, హాల్బెమోండ్ స్టేడియంలో జరుగగా, ఆ దేశపు ఎగోన్ మ్యులర్ 15కు 15 సాధించెను. నేటివఱకు ప్రపంచవిజేత పదవి పొందిన జర్మను అతడొక్కడే. అతనికిని మఱెన్నడును అది దక్కలేదు. ఆ రాత్రి ఓడిన పదునైదుగురికి గూడ ఆ నేల, ఆ వాతావరణము అవియే.

అయినను ఒక జాగ్రత్త అవసరము. ఒక్క రాత్రి అపరాజితుడైన వానికిని, పది సంవత్సరములు ఒకే నేలపై దాదాపు అపరాజితుడుగా నిలిచిన వానికిని భేదము కలదు. ఒక ట్రాక్‌ను ఒక్కమారే దర్శించి అయిదు పందెములు గెలిచిపోయినవాని రికార్డు పరిపూర్ణమే, కాని దానిని పరీక్షించుటకు కాలమునకు అవకాశము చిక్కలేదు. ఇందుకు ప్రతిగా హాన్స్ నీల్సన్‌ను చూడుడు. ఈ డెన్మార్కు రైడర్ 1984 నుండి 1992 వఱకు ఆక్స్‌ఫర్డ్ క్లబ్‌నకు ఆడుచు, నాలుగు పందెములకు 12 గరిష్ఠమైన లీగ్ లెక్కలలో, ఒకటి కంటె ఎక్కువ సీజన్లలో 11కు పైబడిన సగటు నిలుపుకొనెను. ఆ కాలమున ఆక్స్‌ఫర్డ్ 1985, 1986, 1989 సంవత్సరములలో బ్రిటిష్ లీగ్ గెలిచెను. గాలివాన, గాయము, యంత్రదోషము, ప్రత్యర్థుల పన్నాగములు, వీని నన్నిటిని దాటి వచ్చిన ఆ సమీప పరిపూర్ణత నా దృష్టిలో ఒక్క రాత్రి పూర్ణాంకము కంటె గొప్పది.

లీగ్ పోటీలలో మఱియొక సూక్ష్మము కలదు. పందెమునకు ప్రతి జట్టునుండి ఇరువురు దిగుదురు. తన జట్టు సహచరుని వెంట రెండవవాడుగా వచ్చినవానికి 2 పాయింట్లకు తోడు ఒక అదనపు పాయింటు అతని స్వంత ఖాతాలో చేర్చెదరు. అట్లు చేర్చగా 12 పూర్తియైనచో దానిని గూడ సంపూర్ణ సాధనగానే గణించెదరు, ఏలయనగా ప్రత్యర్థి యొక్కడును అతనిని దాటలేదు. వార్తాపత్రికలు దీనిని రెండవ తరగతి ఘనతగా చిన్న అక్షరములలో ముద్రించుట పరిపాటి. నే నందు కంగీకరింపను. వెనుకనుండి తఱుముచున్న శత్రువును అడ్డగించుచు, ముందున్న మిత్రుని గెలువనిచ్చినవాని చిత్తనిగ్రహము, తాను ముందు దూసుకొనిపోయినవాని వేగముతో సమానమైన గౌరవమునకు పాత్రము.

ఇప్పుడు అసలు ఆందోళన. 1995లో గ్రాండ్ ప్రీ పద్ధతి వచ్చినది మొదలు ప్రపంచ పదవి సంవత్సర మంతటి మొత్తముచే నిర్ణయింపబడుచున్నది. ఆ పోటీలలో కొన్నిటిని మహానగరముల ఫుట్‌బాల్ స్టేడియంలలో, లారీలతో మట్టి తెచ్చి పోసి, ఒక్క రాత్రికై నిర్మించిన ట్రాక్‌లపై నడుపుచు వచ్చిరి. 2015లో వార్సా జాతీయ స్టేడియంలో అట్టి ట్రాక్‌యు, ఆరంభ యంత్రమును చెడిపోగా, 12 పందెములతోనే పోటీ నాపవలసి వచ్చెను. అది గోలొబ్ గ్రాండ్ ప్రీ వీడ్కోలు రాత్రి కావలసియుండెను. మఱునాడు తవ్వి తీసివేయు నేలపై ఎవడు చరిత్ర నిర్మింపగలడు? ఇంకొక ప్రక్క స్థిరమైన ట్రాక్‌లు నశించుచున్నవి. మాంచెస్టరులో బెల్ వ్యూ క్లబ్ ఆడిన హైడ్ రోడ్ 1987తో, ఎక్సెటర్ కౌంటీ గ్రౌండ్ 2005తో, కోవెంట్రీ క్లబ్ ఆడిన బ్రాండన్ 2016తో ముగిసినవి. అచ్చటి రికార్డులను ఇక నెవరును బద్దలు కొట్టలేరు. సవాలు చేయువాడు లేని రికార్డు గౌరవము గాదు, నిర్బంధము.

కావున నే కోరునవి రెండు. గణాంకముల పుస్తకములయందు రైడర్ పేరు క్రింద సగటులు మాత్రమే గాక, ప్రతి ట్రాక్‌నకును ఒక పుట కేటాయించి, అచ్చట ఓటమి యెఱుగక నిలిచినవారిని, వారు దిగిన పందెముల సంఖ్యతో సహా, వరుసగా నమోదు చేయవలెను. రెండవది, ప్రపంచ పోటీలలో అధికభాగము, తరతరములుగా జనులు ఎఱిగిన స్థిరమైన ట్రాక్‌లపైననే నడుపవలెను. 2025లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీని కార్డిఫ్ స్టేడియం నుండి మాంచెస్టరులోని జాతీయ స్పీడ్‌వే స్టేడియంనకు మార్చుట ఈ మార్గమున సరియైన అడుగు. ఆక్స్‌ఫర్డ్‌లో 2007తో ఆగిపోయిన స్పీడ్‌వే 2022లో మరల ఆరంభమైనది. ఇకమీదట ఆ నేలపై 12కు 12 తెచ్చుకొను ప్రతి యువకుని పేరును నీల్సన్ పేరు గల ఆ పుటయందే వ్రాయవలెను.