ఊరి నీళ్ళ పద్దు ఎవరు రాయాలి?

మీ ఊళ్ళో నిరుడు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది? ఈ నెల మీ బోర్లలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి? ఈ రెండు ప్రశ్నలూ మీ సర్పంచి గారిని అడిగి చూడండి. నవ్వి ఊరుకుంటారు. ఊళ్ళో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరి ఇంటిపన్ను ఎంత బాకీ ఉందో ఆయన ఠక్కున చెప్పగలరు. నీళ్ళ సంగతి మాత్రం చెప్పలేరు. తప్పు ఆయనది కాదు. చాలా పంచాయతీ ఆఫీసుల్లో ఆ లెక్క రాసే పుస్తకమే లేదు.

పూర్వమూ లేదనుకోండి. కరణాలు భూమిని సెంట్లతో సహా రాసేవారు. ఏ చేలో ఏ పైరు వేశారో, దానికి నీరు ఎక్కణ్ణించి వచ్చిందో అడంగల్‌లో రాసేవారు. భూమి అడుగున నీళ్ళెన్ని ఉన్నాయో రాయలేదు. అప్పట్లో ఆ అవసరమూ అంతగా పడలేదు. చెరువున్న ఊళ్ళో గట్టుమీద నడిచే ప్రతివాడికీ నీళ్ళెంతున్నాయో కళ్ళకి కనబడేది. నీళ్ళు బాగా దిగిపోతే ఆ ఏడు రెండో పంట లేదని ఎవరూ చెప్పకుండానే తెలిసేది. రాయలసీమలో నీరుగంటి, తెలంగాణాలో నీరటికాడు వంతుల ప్రకారం మడులకి నీళ్ళు పెట్టేవాడు. (ఆ వంతుల్లో అన్యాయాలు లేవని కాదు. కాని నీళ్ళు కనబడేవి కనక పోట్లాడుకోడానికైనా ఒక ఆధారం ఉండేది.)

బోరుబావి వచ్చాక ఆ ఆధారం పోయింది. నేల అడుగున ఉన్నదీ ఒక చెరువే. రాతి పగుళ్ళలోకీ, మెత్తబడిన రాతి పొరల్లోకీ ఇంకిన వాననీరే అది. నా చేలో మోటారు వేసినా, పక్క చేలో వేసినా దిగేది ఆ చెరువే. కాని దానికి గట్టు లేదు, చూసే దారి లేదు. నేను ఆపితే పక్కవాడు ఆపుతాడన్న నమ్మకమేమిటి? అందుకని ఎవరికి వారు తోడుకుంటారు. బోరు ఎండితే ఇంకో వంద అడుగులు దింపుతారు. అప్పు తెచ్చి వేసిన బోరులోంచి దుమ్ము తప్ప ఏమీ రాని రోజున ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవదు. అలాంటి ఇంటి పిల్లలు మీ తరగతిలోనే ఉండవచ్చు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి. ఒక చదరపు మీటరు నేలమీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్ళు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. మాటవరసకి 2,000 ఎకరాల ఊరు, 2,000 మంది జనం, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. అనంతపురం వైపు వాన ఇంచుమించు ఇంతే. హెచ్చవేస్తే 445 కోట్ల లీటర్లు. అబ్బో అనిపిస్తుంది గదా! కాని అందులో చాలా భాగం ఎండకి ఆవిరైపోతుంది, మొక్కలు తాగుతాయి, కొంత వాగులో పడి పోతుంది. గ్రానైట్ నేలల్లో నూటికి పది పాళ్ళు ఇంకితే గొప్ప. అంటే 44 కోట్లు. మనిషికి రోజుకి 55 లీటర్ల చొప్పున తాగడానికీ, వాడుకకీ 4 కోట్లు తీసేద్దాం. మిగిలింది 40 కోట్లు. ఎకరం వరికి ఒక పంటకాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల లోతు నీళ్ళు కావాలి, అంటే 48 లక్షల లీటర్ల పైమాట. భాగించండి. 82 ఎకరాలు! రెండు వేల ఎకరాల ఊళ్ళో ఎనభై రెండు. అదే వేరుశనగ అయితే 500 మిల్లీమీటర్లు చాలు కనక దాదాపు 200 ఎకరాలు తడుస్తాయి. నేలని బట్టి, వానని బట్టి ఈ అంకెలు ఊరూరికీ మారతాయి. మరి మీ ఊరి అంకె తెలియకుండా రబీలో ఏం వెయ్యాలో ఎలా తేల్చుకుంటారు?

ఇదేమీ గాలిలో లెక్క కాదు. 2003 నుంచి కొన్నేళ్ళపాటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో (అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ) 600 పైచిలుకు పల్లెల రైతులు ఇలాంటి లెక్కే వేశారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆ పథకానికి తోడ్పడింది. రోజూ వానని కొలిచేవారు. పదిహేను రోజులకోసారి ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం చూసేవారు. కొలిచింది ఇంజనీర్లు కాదు, ఆ ఊళ్ళ ఆడవాళ్ళూ మగవాళ్ళూనే. ఆ అంకెల్ని నలుగురూ తిరిగే చోట అందరికీ కనబడేలా రాసిపెట్టేవారు. రబీకి ముందు అంతా కూర్చుని ఉన్న నీరెంత, వెయ్యదలచిన పైర్లకి కావలసిందెంత అని చూసుకునేవారు. వరి వెయ్యొద్దని ఎవరూ శాసించలేదు, జరిమానా లేదు. ఐనా లెక్క చూశాక చాలామంది తమంతట తామే వరి తగ్గించి, తక్కువ నీటి పైర్లకి మళ్ళారు. కనబడని చెరువు గోడమీద కనబడింది మరి.

తర్వాతి కథ అంత బాగా లేదు. పథకం ముగిసింది. కొన్నాళ్ళకి వెళ్ళి చూసిన పరిశోధకులకు చాలాచోట్ల ఆ అలవాటు సడలిపోయి కనిపించింది. నాకు తోచిన కారణం ఒకటే: ఆ పుస్తకం పథకం కమిటీది, పంచాయతీది కాదు. పథకాలు వస్తాయి, పోతాయి. పంచాయతీ ఎక్కడికీ పోదు.

1993లో అమలుకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు చెప్పింది. వాటిలో నీటి నిర్వహణ ఉంది, చిన్ననీటి పారుదల ఉంది, తాగునీరు ఉంది. అధికారం కాగితం మీదికి వచ్చింది గాని కొలబద్ద చేతికి రాలేదు. కేంద్ర భూగర్భజల బోర్డు ఏడాదికి నాలుగుసార్లు కొన్ని బావుల్ని కొలుస్తుంది. రాష్ట్ర శాఖలూ కొలుస్తాయి. జిల్లా సంగతి తెలియాలంటే అవి ఉండవలసిందే. కాని ఎక్కడో పొరుగూరి బావి అంకె చూసి రైతు పంట మార్చుకోడు. తన వీధి పిల్ల, తన బోరులో కొలిచిన అంకె అయితే నమ్ముతాడు.

"పంచాయతీకిస్తే రాజకీయమౌతుంది, పెద్దల మోటార్లు లెక్కలో తక్కువ పడతాయి" అంటారు కొందరు. నిజమే. అందుకే పుస్తకం పంచాయతీ దగ్గర ఉండాలి, కొలిచే పని హైస్కూలుకి ఇవ్వాలి, అంకె మాత్రం గోడమీద అందరి ఎదుటా ఉండాలి అంటాను. ఇంకొందరు రైతులకి వేరే భయం: లెక్క బయటపడితే రేపు కరెంటు కోస్తారేమోనని. ఇది కొట్టిపారేసే భయం కాదు. ఆ అంకె ముందు ఊరికోసం, దాంతో ఎవర్నీ దండించం అని గ్రామసభలో తీర్మానం రాసుకుంటే తప్ప రైతు తన బోరు మూత తియ్యడు.

వానకొలత మీరు ఇవాళే మొదలుపెట్టవచ్చు. అడుగు సమంగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బాని చెట్లకీ చూరుకీ దూరంగా పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్కేలుతో లోతు చూసి, నీళ్ళు పారబోయండి. డబ్బా మూతి పెద్దదైనా చిన్నదైనా లోతు ఒక్కటే వస్తుంది. ఎందుకో మీరే ఆలోచించండి. బావుల జోలికి మాత్రం పెద్దవాళ్ళు తోడు లేకుండా పోవద్దు. ఒక వానాకాలం అంకెలు పోగయ్యాక ఆ నోటుబుక్కు పట్టుకుని అమ్మతోనో నాన్నతోనో గ్రామసభకి వెళ్ళండి. ఒక టేపు, ఒక పుస్తకం, గోడమీద ఒక నల్లబల్ల కావాలని అడగండి.